బెంగళూరులో పది లక్షల లోపు చిన్న ఎస్‌యూవీ కొనవచ్చా? ముందు వెనక సీట్లో కూర్చునేవాళ్ళని అడగండి

ప్రశ్న: బెంగళూరులో ఉంటున్నాం. ఇంట్లో నలుగురం, ఊరి నుంచి పెద్దవాళ్ళు వచ్చిపోతుంటారు. పది లక్షల లోపు చిన్న ఎస్‌యూవీ కొనాలా, అదే డబ్బుకి మంచి హ్యాచ్‌బ్యాక్ తీసుకోవాలా? లాభనష్టాలేమిటి? ఆటోమేటిక్ అవసరమా?

పెద్దవాళ్ళు వచ్చిపోతుంటారని మీరు రాసిన ముక్క దగ్గరే నా సమాధానం తేలిపోయింది. చిన్న ఎస్‌యూవీయే తీసుకోండి. అయితే షోరూంలో చెప్పే కారణాలకి మాత్రం కాదు.

"ఎస్‌యూవీ సార్, ఎలాంటి రోడ్డైనా ఎక్కేస్తుంది" అంటారు. మీ బడ్జెట్‌లో దొరికే పంచ్, ఎక్స్‌టర్, మాగ్నైట్, కైగర్, ఫ్రాంక్స్ అన్నీ ముందు చక్రాలతో నడిచే బండ్లే. తడిసిన ఎర్రమట్టిలో చక్రం ఊరికే తిరగడం మొదలైతే వీటికీ హ్యాచ్‌బ్యాక్‌కీ పెద్ద తేడా ఉండదు. ఫ్రాంక్స్, బలేనో అనే హ్యాచ్‌బ్యాక్ ఒకే ప్లాట్‌ఫాం మీద కట్టినవి, రెండింటికీ చక్రాల మధ్య దూరం 2520 మిల్లీమీటర్లే. డిక్కీ అయితే ఫ్రాంక్స్‌కే పది లీటర్లు తక్కువ, 308 లీటర్లు. జీఎస్టీలోనూ తేడా లేదు. పొడవు నాలుగు మీటర్లు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ దాటకపోతే ఏ ఆకారంలో ఉన్నా 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే. దాటితే 40. ఫ్రాంక్స్ 3995 మిల్లీమీటర్ల దగ్గర, మాగ్నైట్ 3994 దగ్గర ఆగిపోయాయంటే కారణం ఆ గీతే. కాబట్టి హ్యాచ్‌బ్యాక్ కన్నా పెద్ద బండి వస్తుందనుకుని కొనకండి. వచ్చేది ఎత్తు. నేను కొన్నదీ ఆ ఎత్తు కోసమే.

మాది చిత్తూరు. మా అమ్మకి కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. చెకప్‌లకీ, మనవడిని చూడ్డానికీ బెంగళూరు వస్తూపోతూ ఉంటుంది. మోకాలి కన్నా కిందికి ఉన్న సీట్లో కూర్చోబెట్టొద్దని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మొదట్లోనే గట్టిగా చెప్పింది. కూర్చోవడం ఎలాగో అయిపోతుంది, లేవడమే కష్టం. అందుకని కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు అమ్మని కూడా తీసుకెళ్ళాం. మా ఆవిడ ఇంట్లో అమ్మ సులువుగా లేచే కుర్చీ ఎత్తు కొలిచి కాగితం మీద రాసుకుని, కుట్టుమిషను దగ్గరి టేపు కూడా బ్యాగులో వేసుకుంది.

కె.ఆర్.పురం వైపు ఒక షోరూం. సేల్స్ కుర్రాడు మర్యాదస్తుడే గానీ, డ్రైవర్ తలుపు తీసి స్క్రీనూ సన్‌రూఫూ చూపించడం మొదలుపెట్టాడు. "అవి తర్వాత బాబూ, ముందు వెనక తలుపు తియ్యి" అన్నాను. మొదట హ్యాచ్‌బ్యాక్. అమ్మ తల వంచింది, నడుము వంచింది, ముందు సీటు వీపు పట్టుకుని ఒక్కసారిగా కూలబడింది. "ఇదేందిరా, గుంతలోకి దిగినట్టుండాది" అంది. లేపడానికి నేనూ మా ఆవిడా చెరో చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. పక్కనే పెద్ద ఎస్‌యూవీ ఉంటే అదీ చూశాం. కుడి కాలు పైన పెట్టింది గానీ, ఆపరేషనైన కాలి మీద బరువంతా మోపి పైకి లేవాలి కదా, అక్కడే ఆగిపోయి వద్దంది.

తర్వాత చిన్న ఎస్‌యూవీ. అమ్మ సీటుకి వీపు పెట్టి నిలబడింది. అంచు సరిగ్గా తుంటికి తగిలింది. అలాగే కూర్చుని, కాస్త వెనక్కి జరిగి, రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకుంది. ఫిజియో అమ్మాయి నేర్పిన పద్ధతి అదే. పైకి ఎక్కే పని లేదు, కిందికి దిగే పని లేదు. మా ఆవిడ టేపు పెట్టి చూసింది, ఇంట్లో కుర్చీ కన్నా ఎత్తులోనే ఉంది. నాకు సంబంధించినంతవరకు ఈ తరగతి బండ్ల మొత్తం ప్రయోజనం ఆ క్షణంలో కనబడింది. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులు లేని ఇల్లు మన తెలుగువాళ్ళలో ఎన్ని చూపిస్తారు? అయినా రివ్యూలు చేసేవాళ్ళు సున్నా నుంచి వంద ఎంతసేపట్లో అందుకుంటుందో చెబుతారే తప్ప, వెనక సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ఒక్కరు కొలవరు. నాకు దీనిమీద నిజంగా కోపం.

అలాగని అన్ని చిన్న ఎస్‌యూవీలూ ఒకలా ఉండవు. తలుపు కింద ఉండే అంచు చూడండి. కొన్నిట్లో అది వెడల్పుగా బయటికి వస్తుంది, దిగేటప్పుడు చీర కుచ్చిళ్ళు దానికి రాసుకుని మట్టి అంటుతుంది, కాలు నేలకి చేరాలంటే ఇంకాస్త చాపాలి. వెనక చక్రం గుమ్మటం తలుపులోకి ఎంత చొచ్చుకొచ్చిందో కూడా చూడండి. పంచ్ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, పెద్దవాళ్ళకి అది చాలా మేలు. కానీ మన అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లో స్తంభానికీ పక్క కారుకీ మధ్య ఏ తలుపూ అంత తెరవలేం, కాబట్టి అమ్మని లిఫ్ట్ దగ్గరే దించి తర్వాత పార్క్ చేస్తాను.

ఎత్తు వల్ల ఇంకో లాభం మీకే తెలుసు, మీరు ఉండేది బెంగళూరు. హ్యాచ్‌బ్యాక్ అయిన స్విఫ్ట్‌కి నేల నుంచి 163 మిల్లీమీటర్ల ఎడం ఉంటే ఎక్స్‌టర్‌కి 185, ఫ్రాంక్స్‌కి 190, మాగ్నైట్‌కి 205. స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఉంది. ఆ లెక్కన కడితే ఏ కారూ తగలదు. మా లేఅవుట్ రోడ్డులో ఉన్నవి వెడల్పు లేకుండా నిటారుగా లేచిన సిమెంటు గట్లు, రంగు కూడా వేయరు. ఐదుగురు ఎక్కితే పాత కారు పొట్ట ప్రతిదానికీ గీరుకునేది. ఇప్పుడు ఆ చప్పుడు లేదు.

ఇక నష్టాలు. వాటిలో పెద్దది ఇంజిన్. నేను కారు పేరు చెప్పడం లేదు, చెబితే చర్చ అంతా దానిమీదికే పోతుంది. మా బావమరిది కారు కూడా ఈ తరగతిదే, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరం) లేని 1.2 లీటర్ పెట్రోల్. మామిడికాయల కాలంలో బంగారుపాళెం నుంచి దాంట్లో వచ్చాం. ఐదుగురం, డిక్కీ నిండా తోతాపురి, ఏసీ ఫుల్లు. మొగిలి ఘాట్ ఎక్కుతుంటే మూడో గేరులో ఊపిరి చాలలేదు. రెండుకి దించితే ఇంజిన్ గోల పెడుతూ ఎక్కింది, వెనక లారీ హారన్ మోత. మా బావమరిది ఏసీ ఆపేశాడు, వెనక పిల్లలు చెమటకి ఏడుపు లంకించుకున్నారు. ఈ ఇంజిన్లన్నీ దాదాపు 113 నుంచి 115 న్యూటన్ మీటర్ల టార్క్ (బండిని లాగే బలం) దగ్గరే ఉంటాయి. అదీగాక బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పల్చబడితే టర్బో లేని ఇంజిన్‌కి అందే ప్రాణవాయువే తగ్గుతుంది, శక్తిలో పదో వంతు దాకా ఇక్కడే పోతుంది. టర్బో ఉంటే ఆ లోటు చాలావరకు పూడుతుంది. మాగ్నైట్ టర్బో మాన్యువల్‌కి 160, ఫ్రాంక్స్ టర్బోకి 148 న్యూటన్ మీటర్లు. ఒక్కరే ఆఫీసుకి వెళ్ళిరావడానికి అయితే 1.2 చాలు. నిండా జనంతో ఊరికి వెళ్ళేవాళ్ళయితే టర్బో లేకుండా కొనొద్దు.

టెస్ట్ డ్రైవ్ కూడా అలాగే చేయండి. షోరూం వాళ్ళు మీరొక్కరినే కూర్చోబెట్టి సర్వీస్ రోడ్డులో తిప్పి తెచ్చేస్తారు. ఇంటిల్లిపాదినీ ఎక్కించి దగ్గర్లోని ఫ్లైఓవర్ ఎక్కించండి. వెనక మధ్యలో కూర్చునేవాళ్ళు భుజాలు ముడుచుకోక తప్పదు, ఇవి పేరుకి ఐదుగురి బండ్లు.

డబ్బు విషయంలో ఒకటి చెప్పాలి. కర్ణాటకలో జీవితకాల రోడ్డు పన్ను ఐదు నుంచి పది లక్షల బండికి 14 శాతం, పది దాటితే 17, దానిమీద సెస్సు. అంటే పది లక్షలు దాటించే ఆ చిన్న ఫీచర్ కోసం మొత్తం ధర మీద మూడు శాతం అదనంగా కడతారు, తక్కువలో తక్కువ ముప్పై వేలు. "చిత్తూరులోనో అనంతపురంలోనో రిజిస్టర్ చేయిద్దాం" అనే సలహా మన వాళ్ళు ప్రతి ఒక్కరూ ఇస్తారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం పన్నెండు నెలలు దాటి బండి ఇక్కడే ఉంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, పన్ను మళ్ళీ ఇక్కడ కట్టాలి. ఇంకోటి, బిల్లులో "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని కనబడితే తీసేయమనండి. మేము అడిగితే తీసేశారు. కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరే గానీ, అది వాళ్ళ దగ్గరే కొనాలని ఏ చట్టమూ లేదు.

ఆటోమేటిక్ అవసరమా అన్నారు. సిల్క్ బోర్డు, మారతహళ్ళి మీదుగా రోజూ వెళ్ళేవాళ్ళయితే అవసరమే. కాకపోతే ఈ ధరలో ఎక్కువగా దొరికేది ఏఎంటీ, అంటే మామూలు గేర్లనే బండి తనంతట తాను మార్చుకునే రకం, అందులో గేరు మారేటప్పుడు ఒక కుదుపు ఉంటుంది. ముందు కూర్చున్నవాళ్ళకి అలవాటవుతుంది, వెనక కూర్చున్న పెద్దవాళ్ళ మెడ ప్రతిసారీ ఊగుతుంది. మాగ్నైట్, కైగర్ టర్బోల్లో వచ్చే సీవీటీలో, అంటే మెట్లుమెట్లుగా గేర్లు లేని ఆటోమేటిక్‌లో, ఆ బాధ లేదు. సన్‌రూఫ్ ఉన్న పై వేరియంట్ వదిలేసి ఆ డబ్బు దీనిమీద పెట్టండి. బుక్ చేసే ముందు మాత్రం అమ్మనో అత్తగారినో తీసుకెళ్ళి, వెనక సీట్లో కూర్చుని వాళ్ళంతట వాళ్ళు లేవగలుగుతున్నారో లేదో చూడండి.