ముద్దు సీను బాగాలేదని రాసే ముందు

చెల్లీ,

నువ్వు పంపిన సమీక్ష చదివాను. కథ చెప్పిన తీరు హాయిగా ఉంది. నటన దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూడు ముక్కల్లో తేల్చేశావు: కెమిస్ట్రీ అదిరింది, కళ్ళతోనే నటించారు, ముద్దు సీను చప్పగా ఉంది. నీకు అలాగే అనిపించి ఉంటుంది, కాదనను. కానీ ఆ సిరీస్ చూడని మనిషికి ఈ ముక్కల వల్ల ఏమీ కనపడదు. చూసిన మనిషికి కొత్తగా ఏమీ తెలియదు. థాయ్, జపాన్, కొరియా, తైవాన్ గే ప్రేమకథలను తెలుగువాళ్ళు ఇంత ఇష్టంగా చూస్తున్నప్పుడు వాటి గురించి రాసే రాతకు ఇంకాస్త చూపు ఉండాలి.

తెర మీద ముద్దు ఇద్దరు నటుల పని మాత్రమే కాదు. స్క్రిప్టు రాసినవాళ్ళు, దర్శకుడు, కెమెరా, ఎడిటర్, సౌండ్ మిక్సింగ్ చేసేవాళ్ళు, ఛానెల్, ఆ దేశపు సెన్సారు, ఇందరి నిర్ణయాలు అందులో కలిసి ఉంటాయి. బాగాలేదని రాయి, భయం లేదు. అయితే ఎవరి పని బాగాలేదో కనిపెట్టి రాయి. తప్పు ఎవరిదైనా తిట్లు మాత్రం తెర మీద కనబడే కుర్రాడికే పడుతున్నాయి. అది అన్యాయం.

సీను చూసే పద్ధతి చెప్తాను. ముద్దు మొదలైన చోటు నుంచి చూడకు. అంతకు ఒక నిమిషం ముందు మొదలుపెట్టి, అయ్యాక ఇంకో నిమిషం దాకా చూడు. మొదటిసారి మామూలుగా, రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి, మూడోసారి కళ్ళు మూసుకుని వింటూ. శబ్దం తీసేయగానే నేపథ్యంలో వచ్చే పాట పోతుంది. పాటతో పాటు సీనూ కూలిపోయిందంటే అక్కడ భావాన్ని మోసింది నటులు కాదు, సంగీతం. అలా కూలని సీన్లు తక్కువే ఉంటాయి. వాటి గురించి పేరాలు పేరాలు రాయి.

శబ్దం లేకుండా చూసేటప్పుడు మొహాలు వదిలేసి చేతులు చూడు. అనుభవం లేని నటుడు మొట్టమొదట మర్చిపోయేది చేతులనే. పెదాలు తాకుతుంటాయి, చేతులు పక్కన వేలాడుతుంటాయి. లేదా అవతలివాడి భుజం మీద బరువే లేకుండా ఆని ఉంటాయి. వేళ్ళు వంగాయా? చొక్కా ముడత పడిందా? ముడత పడితే ఆ చేతిలో బరువుంది, కోరిక ఉంది. తర్వాత భుజాలు. దగ్గరకు వస్తున్నప్పుడు భుజాలు చెవుల వైపు లేస్తే ఒళ్ళు బిగుసుకుంటోందని గుర్తు. ఆ క్షణంలో పాత్ర భయపడుతుంటే అది మంచి నటన. పాత్ర ఆరాటపడుతుంటే మాత్రం అది నటుడి సొంత ఇబ్బంది. తర్వాత నడుము. పెదాలు కలిసినా నడుముల మధ్య జానెడు ఖాళీ ఉండిపోయిందంటే, ఎలా నిలబడాలో ఎవరూ చెప్పలేదన్నమాట. ఎత్తు తేడా ఉన్న జంటల్లో ఇది మరీ కనిపిస్తుంది: పొడుగువాడు మెడ ఒక్కటే వంచుతాడు, మోకాళ్ళు వదులు చేయడు. ఆఖరున ఊపిరి. విడిపడ్డాక పలికే మొదటి మాటలో ఊపిరి మారిందా, లేక ఏమీ జరగనట్టు డైలాగు అప్పజెప్పాడా? నా దృష్టిలో నటుడిని పట్టిచ్చేది ఇదే. పెదాలను కెమెరా కోణంతో దాచవచ్చు, ఊపిరిని దాచలేరు.

ఇప్పుడు ఎడిటింగ్. పెదాలు ఆనించి కదలకుండా ఉండిపోయే ముద్దును అభిమానులు చచ్చిన చేప అని వెక్కిరిస్తారు. దాన్ని స్లో మోషన్‌లో, ఒకే స్పర్శను మూడు వైపుల నుంచి మళ్ళీ మళ్ళీ చూపిస్తే, చాలాసార్లు ఎడిటర్ దగ్గర పనికొచ్చే ఫుటేజీ రెండు సెకన్లే ఉందని అనుకోవచ్చు. ఉన్నదాన్ని సాగదీశారు. షాట్లు మారడం లెక్కపెట్టు. ఇద్దరి మొహాలూ కనబడేలా ఒకే షాటు పదిహేను, ఇరవై సెకన్లు నిలిచిందంటే దర్శకుడు నటులను నమ్మాడు. తల వెనక నుంచో, అడ్డుగా పెట్టిన చేతి వెనక నుంచో తప్ప చూపించలేదంటే నమ్మలేదు, లేదా ఛానెల్ ఒప్పుకోలేదు. మూడోసారి వింటున్నప్పుడు పెదాల చప్పుడు సున్నితమైన సీనులో కూడా చెవిలో పెట్టినట్టు వినిపిస్తే, అది మిక్సింగ్‌లో చెడింది. నటులను అనకు.

ఇంకో పరీక్ష ఉంది. ఇది ఎప్పుడూ వదలకు. అదే నటుడు తల్లితో, స్నేహితుడితో, ఒంటరిగా ఉన్న సీన్లు తీసి చూడు. అన్నిచోట్లా బిగుసుకుపోతే నటనే తక్కువ. మిగతా అన్నిచోట్లా హాయిగా ఉండి సన్నిహిత సీన్లలో మాత్రమే బిగుసుకుంటే రిహార్సల్ లేదు, లేదా అతని మాట ఎవరూ వినలేదు. అదే దర్శకుడి వేరే సిరీస్‌లో వేరే జంట కూడా అలాగే నిలబడితే, ఆ లోపం దర్శకుడిది.

మంచి ఉదాహరణ కావాలంటే థాయ్ సిరీస్ 'బ్యాడ్ బడ్డీ' చూడు. జీఎంఎంటీవీ అనే థాయ్ సంస్థ నిర్మాణం, 2021 అక్టోబరులో మొదలై 12 ఎపిసోడ్లు వచ్చింది. పక్కపక్క ఇళ్ళలో ఉంటూ పగ పెంచుకున్న రెండు కుటుంబాల పిల్లలు పాట్, ప్రాన్. పాట్‌గా ఓమ్ పవత్, ప్రాన్‌గా నానోన్ కోరపత్ చేశారు. ఐదో ఎపిసోడ్ చివర డాబా మీద ముద్దు ఉంది. ఆ సీను గొప్పతనం ముద్దు ఎంతసేపు ఉందన్న దాంట్లో లేదు. పాట్ చొరవ తీసుకుంటాడు. ఎన్నాళ్ళుగానో మనసులో దాచుకున్న ప్రాన్ ఒక్కసారి తెగించి తనూ ముద్దు పెడతాడు, ఆ వెంటనే వదిలేసి వెళ్ళిపోతాడు. అంటే ఇక్కడ ముద్దు గెలుపు కాదు. ఒకడికి ఆరంభం, ఇంకొకడికి భయం నిజమైన క్షణం. నానోన్ మొహంలో కోరికా, ఇక ఇది దాచలేనన్న దిగులూ కలిసే ఉంటాయి. నువ్వు రాయాల్సింది అది: సీను ముందు ఈ ఇద్దరి మధ్య ఏముంది, తర్వాత ఏం మారింది. ఏమీ మారకపోతే ఎంత వేడి సీనైనా కథకు పనికిరాదు. ఒక్కటి మారితే చెయ్యి తాకడం కూడా చాలు.

చెయ్యి తాకడం అన్నాను కాబట్టి 'చెర్రీ మ్యాజిక్' సంగతి. 2020లో జపాన్ ఛానెల్ టీవీ టోక్యోలో అర్ధరాత్రి దాటాక వచ్చిన 12 ఎపిసోడ్ల సిరీస్. ముప్పై ఏళ్ళు నిండిన అడాచీకి ఎవరినైనా తాకితే వాళ్ళ మనసులో మాట వినిపిస్తుంది. అంటే ఇందులో ప్రతి స్పర్శ ఒక సమాచారం. అడాచీగా చేసిన అకాసో ఎయిజీ ఒకేసారి మూడు పనులు చేయాలి: ఎదుటివాడు బయటికి అన్న మాటకు స్పందించాలి, అనని మాటకు ఉలిక్కిపడాలి, ఆ ఉలికిపాటును దాచాలి. అతన్ని ప్రేమించే కురొసావాగా చేసిన మచిడా కెయిటా లోపల పొంగిపోతూ బయటికి నిదానంగా ఉండాలి. ఆఖరి ఎపిసోడ్‌లో ముద్దు పెట్టబోయే ముందే లిఫ్టు తలుపులు మూసుకుంటాయి. ప్రపంచమంతా అభిమానులు గొడవ చేశారు. నేను కూడా అక్కడ ముద్దు ఉండాల్సిందనే అంటాను. 12 ఎపిసోడ్లు తాకడం గురించే కథ నడిపి, తాకే చోట తలుపు వేయడం పిరికితనం. కానీ ఆ పిరికితనం నటులది కాదని స్పష్టంగా రాయాలి.

దీన్ని 'వాట్ డిడ్ యూ ఈట్ యెస్టర్‌డే' పక్కన పెట్టి చూడు. 2019, అదే టీవీ టోక్యో. నిషిజిమా హిదెతోషి లాయరు షిరో, ఉచినో సెయో హెయిర్ డ్రెస్సర్ కెంజీ. నడివయసు జంట. నెలకు 25,000 యెన్లలో తిండి ఖర్చు గడవాలని షిరో పట్టుదల. ముద్దులు దాదాపు ఉండవు, అయినా వీళ్ళు ఏళ్ళుగా కలిసి ఉంటున్నారని మొదటి భోజనం సీనులోనే నమ్ముతాం. ఒకడు వండింది ఇంకొకడు తింటుంటే చూసే తీరులో, గిన్నె అందించేటప్పుడు చూడకుండానే చెయ్యి చాపడంలో ఆ చనువు ఉంది. ఇక్కడ ముద్దు లేకపోవడం లోటు కాదు. 'చెర్రీ మ్యాజిక్'లో లోటు. తేడా కథ ఏం మాట ఇచ్చిందన్న దాంట్లో ఉంది.

చైనా సంగతి వేరే లెక్క. 'ది అన్‌టేమ్డ్' 2019లో 50 ఎపిసోడ్లుగా వచ్చింది. మూల నవలలో ప్రేమికులైన ఇద్దరు మగవాళ్ళు తెర మీద ప్రాణ స్నేహితులయ్యారు. 2016లో 'అడిక్టెడ్' అనే గే ప్రేమకథ సిరీస్‌ను పూర్తి కాకముందే చైనా సైట్ల నుంచి తీసేశారు. ఆ తర్వాత ఏ నిర్మాత ధైర్యం చేస్తాడు? 'ది అన్‌టేమ్డ్'లో ఆ ఇద్దరిగా చేసిన షియావో జాన్, వాంగ్ యీబోలకు మిగిలింది చూపులూ, దూరాలూ, నుదుటి పట్టీ లాంటి వస్తువులే. సొంతవాళ్ళు తప్ప తాకకూడని ఆ పట్టీని లాన్ వాంగ్‌జీ (వాంగ్ యీబో పాత్ర) తన చేత్తో అవతలివాడి మణికట్టుకు చుడతాడు, అంతకన్నా చెప్పే వీల్లేదు. ఇక్కడే కొత్త సమీక్షకులు ఒక పొరపాటు చేస్తారు: వాంగ్ యీబో గొంతు ఎంత లోతుగా ఉందో అని రాసేస్తారు. ఆ సిరీస్‌లో వినిపించేవి నటుల గొంతులు కావు, డబ్బింగ్ కళాకారులవి. చైనా పీరియడ్ డ్రామాల్లో ఇది మామూలు. ఏళ్ళ తరబడి హీరోయిన్లకు వేరేవాళ్ళు గొంతు అరువిచ్చిన తెలుగు సినిమా చూసి పెరిగాం కాబట్టి మనం ఇలా మోసపోకూడదు. గొంతును మెచ్చుకునే ముందు అది ఎవరిదో చూడు.

ఏ కూర్పు చూశావో కూడా చూసుకో. 2022 నాటి 'కిన్‌పోర్ష్'కు థాయ్ టీవీలో కత్తిరించిన కూర్పు, ఐచీయీ (iQIYI) అనే స్ట్రీమింగ్ సైట్‌లో పూర్తి కూర్పు రెండూ ఉన్నాయి. కత్తిరించినది చూసి సీను అర్ధాంతరంగా ఆగిందని దర్శకుణ్ణి తిడితే పరువు పోయేది నీది. ఎపిసోడ్ నంబరు, సీను వచ్చే నిమిషం, చూసిన చోటు రాసుకోవడం అలవాటు చేసుకో.

సెట్‌లో ఏం జరగాలో తెలిస్తే తెర మీద ఏం లోపించిందో తెలుస్తుంది. 2018లో అమెరికన్ ఛానెల్ హెచ్‌బీఓ తన సీరియళ్ళలో ఇలాంటి సీన్లు ఉంటే వాటిని చూసుకునే ఇంటిమసీ కోఆర్డినేటర్ ఉండాలని నిర్ణయించాక ఆ పని గురించి అందరికీ తెలిసింది. ఆ మనిషి ముందుగా ఒక్కో నటుడితో విడిగా కూర్చుని ఎక్కడ తాకవచ్చు, ఎక్కడ వద్దు, ఏ బట్ట ఎంతవరకు అన్నది అడిగి కాగితం మీద పెట్టిస్తారు. ఫైటు సీనులాగే అడుగులు లెక్కపెట్టి కూర్చుతారు: ముందు చెయ్యి మెడ మీదికి, ఒక శ్వాస ఆగి, తర్వాత తల ఎడమకు. శరీరాల మధ్య మెత్తటి అడ్డు, ఒంటి రంగు బట్టలు వాడతారు. సెట్‌లో అవసరమైన కొద్దిమంది తప్ప ఉండరు. ఆ రోజు దర్శకుడికి కొత్త ఆలోచన వస్తే మళ్ళీ అడగాల్సిందే. లెక్క తెలిసిన నటుడి మనసు ఖాళీ అవుతుంది, భావానికి చోటు దొరుకుతుంది. అప్పటికప్పుడు కానీయండి అన్నచోట బుర్ర నిండా ముక్కు ఎటు, మైకు ఎక్కడ అన్నదే ఉంటుంది. చిన్న బడ్జెట్ సిరీస్‌లన్నిటికీ కోఆర్డినేటర్ ఉండరు. థాయ్‌లాండ్‌లో షూటింగుకు ముందు పెట్టే నటన వర్క్‌షాపులు ఆ పనిలో కొంత చేస్తాయి. అక్కడే ఒకే జంటను సిరీస్ తర్వాత సిరీస్‌లో కలిపి దించే పద్ధతి కూడా ఉంది. దానివల్ల బిడియం పోతుంది, కానీ పాత అలవాట్లు కొత్త పాత్రల్లోకి వచ్చేస్తాయి. కొత్త కథలో ఇప్పుడే పరిచయమైన ఇద్దరు ఐదేళ్ళ కాపురం చేసినట్టు ఒకరి జుట్టు ఒకరు సవరిస్తారు. అలాంటిది కనిపిస్తే పట్టుకో.

ఆ జంటలే అభిమానుల సభల్లో, ప్రకటనల్లో చేతులు పట్టుకుని కనిపిస్తారు. అది ఉద్యోగంలో భాగం. దాన్ని చూసి నిజంగానే ప్రేమలో ఉన్నారని గానీ, ఫలానా నటుడు గే అనో కాదనో గానీ ఒక్క అక్షరం రాయకు. వాళ్ళు తమంతట తాము చెప్పుకున్నది తప్ప మిగతాది మన పని కాదు.

బలవంతపు ముద్దులు, తాగి ఉన్నవాడి మీద చొరవ చేయడం, ఇవి పాత సిరీస్‌లలో తరచూ ప్రేమగా చెలామణి అయ్యాయి. పాత్ర తప్పు చేయవచ్చు, కథల్లో మనుషులు తప్పులు చేస్తారు. సీను ఆ తప్పును ఏ కంటితో చూసిందన్నది నువ్వు చూడు. కెమెరా నలిగినవాడి మొహం మీద ఉందా, ఇద్దరి చుట్టూ తిరుగుతూ మెరుస్తోందా? కింద వయొలిన్ మోగుతోందా? తర్వాతి ఎపిసోడ్‌లో ఎవరైనా దాని గురించి మాట్లాడారా? ఈ మూడింటికి జవాబు రాస్తే నీ అభ్యంతరం వట్టి కోపంలా కాకుండా వాదనలా నిలబడుతుంది.

ఆఖరుగా భాష. శరీరాలను సరుకులా వర్ణించే వాక్యాలు ఒకటి రెండు నీ రాతలో ఉన్నాయి, తీసెయ్. హీరోయిన్ మీద రాస్తే నీకే నచ్చని మాట వీళ్ళ మీదా వద్దు. ఈ సిరీస్‌ల గురించి చదివేది ఎక్కువగా అభిమానులే అయినా నీ పేజీ తెరిచేవాళ్ళలో గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇంట్లో చెప్పుకోలేని గే కుర్రాడు ఒకడు ఉంటాడు. షిరో తన సంగతి ఆఫీసులో బయటపడుతుందేమోనని ఎందుకు అంత జాగ్రత్త పడతాడో, కెంజీ ఆ సంగతి ఒక కస్టమరుకు చెప్పినందుకు షిరో ఎందుకు అంత కోప్పడతాడో ఆ కుర్రాడికి మనకన్నా బాగా తెలుసు. ఆ సీన్లలో నిషిజిమా మొహం మీద ఒక పూర్తి పేరా రాసి పంపు. వచ్చే వారం లోపు చదివి జవాబిస్తాను.

ఉంటాను,
అక్క