పేనుబంక మధ్య తిరిగే ఆ నల్ల పురుగుల్ని చంపకండి

ప్రశ్న: అలసంద చేలో రసం పీల్చే పేనుబంక పురుగు బాగా పట్టింది. లేత కొమ్మలు, పూత అంతా జిగురు. వాటి మధ్యే నారింజ మచ్చలున్న నల్లటి పురుగులు చకచకా తిరుగుతున్నాయి. ఇవి కూడా పంటను తినేస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది. రెండూ చచ్చే మందు ఏదైనా చెప్పండి.

జవాబు: మందు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అవి అక్షింతల పురుగు పిల్లలు. పెద్దయ్యాక గుండ్రంగా, ఎర్రగా ఉంటాయి కాబట్టి ఎవరైనా గుర్తుపడతారు, పిల్లలు మాత్రం చిన్న మొసళ్ళలా పొడుగ్గా గరుగ్గా ఉండేసరికి చాలామంది వీటినే చీడ అనుకుని చంపేస్తారు, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. ఒక్కో పిల్ల ఎదిగేలోపు వందల పేనుబంకల్ని తింటుంది!

పేనుబంకలో ఆడవి మగవాటి అవసరం లేకుండానే నేరుగా పిల్లల్ని పెడతాయి, వాతావరణం వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో ఆ పిల్లలూ తల్లులవుతాయి. వాటిని తినే పురుగులు అంత వేగంగా పెరగవు, అందుకే మొదట్లో చేను మన చేయి దాటిపోతున్నట్టు అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే కంగారుపడి అన్ని పురుగుల్నీ చంపే సింథటిక్ పైరిత్రాయిడ్ లాంటిది కొడితే రెండూ పోతాయి, కానీ మిగిలిన నాలుగు పేనుబంకలు ముందు కోలుకుంటాయి, ఈసారి వాటిని తినేవాళ్ళు ఉండరు.

పేనుబంకను తినే మిత్ర పురుగులు ఇంకేమైనా ఉన్నాయేమో రెండు మూడు రోజులకోసారి కొమ్మలు తిప్పి చూడండి. సన్నటి దారం కొసన నిలబడ్డ గుడ్డు కనిపిస్తే అది లేస్‌వింగ్ అనే జాలీ రెక్కల పురుగుది. కాళ్ళు లేకుండా జలగలా పాకేది సిర్ఫిడ్ ఈగ పిల్ల. ఉబ్బి, గోధుమరంగులో గట్టిపడిన పేనుబంకల్ని నలపకండి, వాటి లోపల చిన్న కందిరీగ పిల్లలు పెరుగుతుంటాయి. చీమలు బారులు తీరితే మాత్రం ఆలోచించాల్సిందే, తీపి జిగురు కోసం అవి పేనుబంకకు కాపలా కాసి ఈ మిత్ర పురుగుల్ని తరిమేస్తాయి.

మిత్రులు దాదాపు కనిపించకుండా, పేనుబంక కొత్త కొమ్మలకీ కాయలకీ పాకుతూ ఉంటే అప్పుడు వేపనూనె, అదీ పట్టిన చోట మాత్రమే, సాయంత్రం పూట కొట్టండి. యూరియా తగ్గించండి, నత్రజని ఎక్కువైన లేత చిగురంటే పేనుబంకకు పండగే. ఒక్క మాట, పేనుబంక కొన్ని వైరస్ తెగుళ్ళను ఆకును కాసేపు గుచ్చి చూసినంత మాత్రానే అంటించేస్తుంది, దాన్ని మిత్ర పురుగులు ఆపలేవు, అక్కడ తెగులును తట్టుకునే రకం విత్తనమే దారి.

ప్రశ్న: అక్షింతల పురుగుల్ని కొని చేలో వదిలితే సరిపోదా?

జవాబు: బయలు పొలంలో వదిలిన పెద్ద పురుగులు చాలావరకు ఎగిరిపోతాయండీ. గ్రీన్‌హౌస్ అయితే వేరు, అక్కడ లేస్‌వింగ్ పిల్లలు బాగా పనిచేస్తాయి, కాకపోతే ఒకేచోట కుప్పగా వదిలితే ఒకదాన్నొకటి తినేస్తాయి, చల్లినట్టు వదలాలి. పొలానికైతే గట్ల మీద ధనియాలు, ఆవాలు చల్లి పూతకు రానివ్వండి. సిర్ఫిడ్ ఈగలు, కందిరీగలు పెద్దయ్యాక బతికేది ఆ పూల తేనె మీదే.