రెండు సంతకాలు పడితేనే పైసా కదిలేది

"శాసన, కార్యనిర్వాహక, న్యాయ వ్యవస్థల మధ్య అధికారం పంచుతారని పుస్తకాల్లో చదివాను, మామూలు మనిషికి అది ఎక్కడ కనిపిస్తుంది?" అని ఒకరు అడిగారు. నాకు పంచాయతీ చెక్‌బుక్కులో కనిపించింది. తెలంగాణలో 2019లో గెలిచి 2024 దాకా మా ఊళ్లో వార్డు సభ్యుడిగా ఉన్నాను.

2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చెక్ పవర్, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం, సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. సర్పంచ్‌ను ఊరంతా ఓటేసి ఎన్నుకుంటుంది, ఉపసర్పంచ్‌ను వార్డు సభ్యులం ఎన్నుకుంటాం. కాబట్టి ఒకరికొకరు భయపడాల్సిన పని లేదు. బ్యాలెట్ మీద పార్టీ గుర్తులు ఉండవు గానీ, ఎవరు ఎటువైపో ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. మా సర్పంచ్, ఉపసర్పంచ్ చెరో వైపు.

ఒక మోరీ (మురుగు కాలువ) పని సగమే అయ్యింది, బిల్లు మాత్రం మొత్తానికి వచ్చింది. ఉపసర్పంచ్ సంతకం పెట్టనన్నాడు. నిజం చెప్పాలంటే అందులో సగం న్యాయం, సగం తన మనిషికి పని దక్కలేదన్న కోపం. నెలల తరబడి నలిగాక, కొలతలు మళ్లీ తీయాలని వార్డు సభ్యులం మీటింగులో పట్టుబట్టాం. బిల్లు తగ్గాకే సంతకం పడింది. అదే మనిషి ఇంకోసారి ట్రాక్టర్ డీజిల్ బిల్లు ఆపితే ఊళ్లో చెత్త కుప్పలు పడ్డాయి, అందరం తిట్టుకున్నాం. అయినా ఒక్క సంతకంతో డబ్బు పోవడం కంటే ఈ తలనొప్పే నయమని నా అభిప్రాయం.

అసలు చిక్కు వేరే ఉంది. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గవని 29 అంశాలు రాసింది, ఎన్ని ఇవ్వాలో రాష్ట్రం ఇష్టం. మా చేతికి గట్టిగా వచ్చినవి మోరీలు, వీధిలైట్లు, చెత్త, మొక్కలు. మొక్కలకైతే బడ్జెట్‌లో 10 శాతం పెట్టాలి, 85 శాతం బతకకపోతే సర్పంచ్ పదవికే ఎసరు! వేటు వేసే అధికారం కలెక్టర్‌ది. గడువు ముగిసేలోపే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం చెబుతోంది. మా గడువు 2024 ఫిబ్రవరిలో అయిపోతే ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. మధ్యలో ప్రభుత్వం పెట్టిన ప్రత్యేకాధికారులే, అంటే "నేను ఒప్పుకోను" అనడానికి ఊరు ఎన్నుకున్న మనిషి ఒక్కడూ లేడు.

మీ ఊళ్లో సంగతి తెలియాలంటే గ్రామసభకు వెళ్లి తీర్మానాల పుస్తకం చూపించమని అడగండి. సభ జరగకుండానే సంతకాలు ఎన్ని ఉన్నాయో మొదట చూడండి.