ఎల్‌సీఆర్ మీటర్‌లో వచ్చిన కెపాసిటెన్స్ సిమ్యులేషన్‌లో ఎందుకు కుదరడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 300 వోల్టులను 3 కిలోవోల్టులకు పెంచే ఫెరైట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించారు. ప్రైమరీ కొసలు రెండూ ఒకచోట, సెకండరీ కొసలు రెండూ ఒకచోట కలిపి, వాటి మధ్య ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, రెసిస్టెన్స్ కొలిచే పరికరం) పెడితే 180 పికోఫారడ్లు చూపించింది. దాన్ని సిమ్యులేషన్‌లో సెకండరీకి సమాంతరంగా పెట్టారు. ఆసిలోస్కోప్‌లో కనబడే రింగింగ్, అంటే వోల్టేజి మారిన ప్రతిసారీ కాసేపు సాగే ఊగిసలాట, దానితో కలవడం లేదు.

మీటర్ అబద్ధం చెప్పలేదు. మీరు కొలిచిన కెపాసిటెన్స్ వేరు, రింగింగ్ తెచ్చేది వేరు. విశాఖపట్నంలో, గాజువాక ఆటోనగర్‌లోని ఒక చిన్న యూనిట్‌లో పనిచేసే రోజుల్లో నేనూ ఇదే పొరపాటు చేసి మూడు వారాలు పోగొట్టుకున్నాను.

ఆ 180 పికోఫారడ్లది రెండు వైండింగుల మధ్య వంతెన స్థానం. ప్రైమరీ నుంచి సెకండరీకి, అక్కడి నుంచి ఎర్త్‌కు దూకే విద్యుత్ నాయిస్‌కు అదే దారి. మోడల్‌లో దాన్ని అక్కడే ఉంచండి. సెకండరీకి అడ్డంగా పెట్టాల్సింది ఆ వైండింగ్ పొరలు తమలో తాము దాచుకున్న కెపాసిటెన్స్. దాన్ని రెండు కొసల మధ్య మీటర్ పెట్టి నేరుగా చదవలేరు, ఇండక్టెన్స్ అడ్డువస్తుంది. లెక్క కట్టాలి, లేదా రింగింగ్ నుంచి రాబట్టాలి.

మా ట్రాన్స్‌ఫార్మర్ అంకెలే చెబుతాను. పొర వెడల్పు 33 మిల్లీమీటర్లు, సగటు చుట్టు పొడవు 85, పొరల మధ్య దూరం 0.2, టేపు, ఎనామిల్ కలిపి సాపేక్ష పర్మిటివిటీ (శూన్యంతో పోలిస్తే ఆ పదార్థం కెపాసిటెన్స్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో) 3 అనుకున్నాం. రెండు పలకల సూత్రంలో వేస్తే పక్కపక్క పొరల మధ్య సుమారు 370 పికోఫారడ్లు. అయితే ఆ పొరల మధ్య వోల్టేజి అంతటా ఒకటి కాదు. తీగ వెళ్ళి వెనక్కి తిరిగే చుట్టులో, తిరిగిన చోట తేడా సున్నా, రెండో అంచున ఒక పొర వోల్టేజికి రెట్టింపు. కెపాసిటర్‌లో నిలిచే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, పొర పొడవునా ఆ శక్తిని కూడి, మొత్తం సెకండరీ వోల్టేజికి సరిపోయే ఒకే కెపాసిటర్‌గా మార్చాలి. పొరలు p అయితే పై విలువను 4(p−1)/(3p²) తో గుణించడమే. మా నాలుగు పొరలకు అది పావు వంతు, అంటే 93 పికోఫారడ్లు. నిష్పత్తి 1:10 కనుక ప్రైమరీ వైపు నుంచి చూస్తే వంద రెట్లు, 9.3 నానోఫారడ్లు. లీకేజి ఇండక్టెన్స్ (రెండు వైండింగులనూ కలపని అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చేది) 20 మైక్రోహెన్రీలతో కలిస్తే రింగింగ్ 370 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండాలి.

స్కోప్‌లో 410 వచ్చింది. వెనక్కి లెక్కిస్తే 75 పికోఫారడ్లే! లెక్క తప్పిందని తల పట్టుకున్నాను. మేమంతా అత్త అని పిలిచే వైండింగ్ పెద్దావిడ, "ఇంకా వార్నిష్ పట్టించలేదు కదా బాబూ" అన్నారు. అంతే విషయం. తీగల సందుల్లో ఇంకా గాలి ఉంది, గాలి పర్మిటివిటీ 1. వార్నిష్ వేసి ఓవెన్‌లో ఆరబెట్టాక 360 కిలోహెర్ట్జ్‌కు దిగింది, అంటే 98 పికోఫారడ్లు. వార్నిష్‌కు ముందు కొలిచిన విలువతో స్నబ్బర్ (రింగింగ్‌ను అణచే సర్క్యూట్) డిజైన్ చేసేవారిని చూస్తే నాకు ఇప్పటికీ జాలి వేస్తుంది.

ఒక జాగ్రత్త. కొలిచేటప్పుడు సెకండరీ కొసకు ప్రోబ్ తగిలించకండి. ప్రోబ్‌ది పదో పన్నెండో పికోఫారడ్లు అనుకున్నా, 93 పక్కన అది పెద్ద మొత్తమే. ప్రైమరీ వైపు నుంచి చూడండి, 9 నానోఫారడ్ల పక్కన అది లెక్కలోకి రాదు. కోర్‌ను కూడా మరచిపోవద్దు. మాంగనీస్-జింక్ ఫెరైట్ వైండింగ్ పక్కన ఒక లోహపు పలకలాగే ప్రవర్తిస్తుంది. దాన్ని దేనికీ కలపకుండా వదిలేస్తే ఒక విలువ, ఎర్త్ చేస్తే మరో విలువ.

ఈ కెపాసిటెన్స్ తగ్గించాలంటే పొరల మధ్య టేపు పెంచడం కంటే సెకండరీని గదులున్న బాబిన్‌పై (తీగ చుట్టే చట్రం) చుట్టించడం మేలు. నాలుగు గదులైతే కాగితం మీద కెపాసిటెన్స్ పదహారో వంతుకు దిగుతుంది, 6 పికోఫారడ్లు. మాకు వచ్చింది 14. గది గోడలు చోటు తిన్నాయి కనుక పొరలు పెరిగాయి, కోర్‌కు ఉండే వాటా ఎటూ పోలేదు. అయినా కెపాసిటెన్స్ అంతగా తగ్గడం మాకు చాలు. ఒక్కో పొరను ఒకే అంచు నుంచి మొదలుపెట్టే చుట్టు కూడా ప్రయత్నించాం. లెక్క ప్రకారం 93 కాస్తా 70 అవుతుంది, కానీ ప్రతి పొర మీదుగా తీగను వెనక్కి తేవాలి. ఉబ్బు వస్తుందని అత్త ఒప్పుకోలేదు, నేనూ పట్టుబట్టలేదు.

మీరు పొరల మధ్య కాగితం వాడి ఉంటే ఇంకో మాట. మా సముద్రపు గాలిలో కాగితం తేమ పీల్చుకుని, జూలైలో కొలిచిన విలువ ఓవెన్ నుంచి తీసిన వెంటనే కొలిచినదానితో కలవలేదు. టేపుకు మారాక ఆ బెడద పోయింది. మీ బాబిన్ వెడల్పు, పొరల సంఖ్య, మధ్యలో ఏమి వేశారో రాయండి, లెక్క వేసి చూద్దాం.