పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు: సూదిమందు, ఆదివారం జ్వరం

ప్రశ్న: నా వయసు 34. కావలిలో ఉపాధ్యాయురాలిని. నాలుగేళ్ల క్రితం ఎడమ కంటి చూపు మందగించింది. ఆ తరువాత ఏడాదికి కాళ్లు తిమ్మిరెక్కి నడక తడబడితే, నెల్లూరులో ఎంఆర్ఐ తీయించి మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లో నరాల మీది పొర దెబ్బతినే జబ్బు) అని తేల్చారు. జబ్బు తిరగబెట్టకుండా పద్నాలుగు నెలల పాటు వారానికొకసారి ఇంటర్‌ఫెరాన్ బీటా ఇంజెక్షన్ వేయించుకున్నాను. మా వీధి కాంపౌండరు గారు ఆదివారం ఉదయం వచ్చి వేస్తారు. మధ్యాహ్నం భోజనాల వేళకు వణుకు, జ్వరం, ఒళ్లు నొప్పులు మొదలై, పాత కాళ్ల తిమ్మిరి కూడా తిరగబెడుతుంది. ఉన్న ఒక్క సెలవూ మంచం మీదే గడిచిపోతోంది. ఇన్ని నెలల్లో జబ్బు మళ్లీ రాలేదు గనుక మందు అవసరం తీరిందేమోనని ఆరు వారాలుగా మానేశాను. ప్రాణానికి హాయిగా ఉంది. మా డాక్టరు గారికి చెప్పలేదు, కోప్పడతారని భయం. ఇలా మానేయవచ్చా?
(ఒక సోదరి, కావలి)

జవాబు: అమ్మా, మానేయవచ్చా లేదా అన్నది తరువాత. ఆరు వారాలు మందు వేసుకోలేదన్న సంగతి ముందు మీ డాక్టరు గారికి చెప్పండి. కోప్పడితే ఒక నిమిషం కోప్పడతారు. చెప్పకపోతే జరిగే నష్టం అంతకంటే పెద్దది. రేపు మీకు మళ్లీ చూపు మందగించిందనుకోండి, మీరు మందు వాడుతూనే ఉన్నారని నమ్మిన వైద్యుడు ఇంటర్‌ఫెరాన్ పనిచేయలేదని నిర్ణయించి, దానికంటే బలమైన మందుకు, అంటే మెదడుకు అరుదుగానైనా ప్రాణాంతకమైన వైరస్ ఇన్‌ఫెక్షన్ తెచ్చే నటాలిజుమాబ్ వంటి దానికి మార్చవచ్చు. వేసుకోని మందు ఓడిపోయినట్టు లెక్కలోకి ఎక్కుతుంది. ఈ జబ్బుకు చేతిలో ఉన్న మందులు లెక్కపెట్టదగినన్నే గనుక ఒకదాన్ని ఊరికే పోగొట్టుకోకూడదు.

ఇక మందు అవసరం తీరిందా అన్నది. తలనొప్పి మాత్ర వేసుకుంటే గంటలో తేడా తెలుస్తుంది. ఇంటర్‌ఫెరాన్ వేసుకున్న మనిషికి తెలిసేది దాని బాధ ఒక్కటే, మేలు కంటికి కనబడదు. 1993లో అమెరికాలో మొదటి ఇంటర్‌ఫెరాన్ బీటాకు అనుమతి వచ్చినప్పటి నుంచి పరిశోధనలు చెబుతున్నది, ఈ తరహా మందులు జబ్బు తిరగబెట్టడాన్ని సుమారు మూడో వంతు తగ్గిస్తాయని. పూర్తిగా ఆపుతాయని ఎవరూ అనలేదు. మీ పద్నాలుగు నెలల ప్రశాంతతలో మందు వాటా ఎంతో తేల్చి చెప్పడం నాకే కాదు, ఎవరికీ సాధ్యం కాదు. కానీ పైకి ఏ లక్షణమూ లేకుండానే మెదడులో కొత్త మచ్చలు ఏర్పడటం ఈ జబ్బులో మామూలు కాబట్టి, హాయిగా ఉండటాన్ని జబ్బు ఆగిందనడానికి సాక్ష్యంగా తీసుకోలేము.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘ఆదివారం ఉదయం’. ఈ ఇంజెక్షన్ తాలూకు చలిజ్వరం వేసిన కొన్ని గంటలకు మొదలై, చాలామందిలో ఒక రోజులోపు తగ్గుతుంది. ఉదయం పది గంటలకు వేయించుకుంటే అది సరిగ్గా మీ పగటినే తినేస్తుంది. శనివారం రాత్రి భోజనం చేసి పడుకోబోయే ముందు వేసుకుంటే ఆ బాధలో ఎక్కువ భాగం నిద్రలోనే గడిచిపోతుంది. దానికి అరగంట ముందు పారాసెటమాల్ ఒకటి, అవసరమైతే తెల్లవారుజామున మరొకటి వేసుకోవచ్చునేమో మీ డాక్టరును అడగండి. ఆ వేళకు కాంపౌండరు రారు కదా అంటారేమో. తొడ పైభాగంలో, వెలుపలి వైపు కండలోకి వేసే ఈ సూదిని మీరో, మీవారో నర్సు దగ్గర నేర్చుకోవచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే చల్లగా వేస్తే నొప్పి ఎక్కువ కాబట్టి సిరంజిని కాసేపు బయట ఉంచి, వారానికొక తొడ మార్చి వేసుకోవాలి.

జ్వరం వేళ కాళ్ల తిమ్మిరి తిరగబెట్టడాన్ని చూసి మందే హాని చేస్తోందని మీరు అనుకొని ఉంటారు. పొర దెబ్బతిన్న నరానికి ఒంటి వేడి కొద్దిగా పెరిగినా సంకేతాలు సరిగా నడవవు. అందుకే పాత లక్షణాలు పైకి వచ్చి, వేడి తగ్గగానే సర్దుకుంటాయి. ఎండాకాలంలో ఎండన పడి బడి నుంచి ఇంటికి వచ్చినప్పుడు కూడా మీకు ఇలాగే అయి ఉండవచ్చు. జ్వరం లేకుండా, ఒక రోజు దాటి ఉండే కొత్త లక్షణమైతేనే జబ్బు తిరగబెట్టిందని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

విరామం తరువాత పూర్తి మోతాదుతో మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు. వారపు ఇంజెక్షన్ పూర్తి మోతాదు 30 మైక్రోగ్రాములు. నాలుగో వంతుతో మొదలుపెట్టి నాలుగో వారానికి పూర్తి మోతాదుకు చేరే పద్ధతిలో జ్వరం బాగా తగ్గుతుంది. కాలేయానికి, రక్తకణాలకు చేయవలసిన పరీక్షలు గడువుకు చేయించుకోండి, మనసు దిగులుగా ఉంటే అది కూడా చెప్పండి. ఇవన్నీ చేసినా జ్వరం వదలకపోతే మందు మార్చమని అడగడం మీ హక్కు. మాత్రలు కూడా ఉన్నాయి. అయితే ఫింగోలిమాడ్ వంటి మాత్రను ఇలా చెప్పకుండా మానేస్తే జబ్బు మునుపటికంటే తీవ్రంగా విరుచుకుపడవచ్చు. బిడ్డను కనే ఆలోచన ఉంటే టెరిఫ్లునోమైడ్ అనే మాత్ర పనికిరాదు. ఆ మాట మందు ఎంచుకోక ముందే చెప్పాలి.

ప్రశ్న: మా అబ్బాయికి ఇదే జబ్బు. ఇంజెక్షన్లు ఒంగోలు నుంచి బస్సులో తెస్తున్నాం. ఎండాకాలం కరెంటు పోతే మందు పాడవుతుందా?
(ఒక తండ్రి, పొదిలి)

జవాబు: ఇంటర్‌ఫెరాన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకపోతే ఫ్రిజ్ మూడు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. కొన్ని రకాలను కొద్ది రోజులు బయట ఉంచవచ్చని పెట్టెలోని కాగితంలో రాసి ఉంటుంది గానీ, ఆ అనుమతి 25 డిగ్రీల లోపు వేడికి. మే నెలలో పొదిలి ఇంట్లో అది దొరకదు, కుండలో పెట్టినా నమ్మకం లేదు. బస్సులో తెచ్చేటప్పుడు ఐస్ సిరంజికి నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. తేటగా లేకపోయినా, నలకలు కనిపించినా వేయకుండా తెచ్చిన దుకాణంలో చూపించండి.