‘28 శాతం’ దగ్గర ఆగు

విజయవాడ

తమ్ముడికి ఆశీస్సులు.

పేగుల్లోని సూక్ష్మజీవులకూ మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌కూ ఉన్న సంబంధం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. ఇబ్బందంతా మొదటి వాక్యంతోనే. ‘ప్రొబయోటిక్ పాలతో జ్ఞాపకశక్తి 28 శాతం పెరిగింది’ అన్నావు. అంకె నిజమే. దాని వెనకున్న లెక్క పాఠకుడికి చూపించలేదు.

అది 2016లో వెలువడిన ఇరాన్ అధ్యయనం. 60 మంది అల్జీమర్స్ రోగుల్లో సగం మంది 12 వారాలు రోజూ 200 మిల్లీలీటర్ల ప్రొబయోటిక్ పాలు, అంటే మేలుచేసే సూక్ష్మజీవులు కలిపిన పాలు తాగారు, మిగతావాళ్లు మామూలు పాలు. కొలిచింది ఎంఎంఎస్‌ఈ పరీక్షతో. ఇవాళ తేదీ ఎంత అంటారు, మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ అడుగుతారు, వందలోంచి ఏడేసి తీసేయమంటారు. మొత్తం 30 మార్కులు. ప్రొబయోటిక్ తాగినవాళ్ల సగటు దాదాపు 8.7 నుంచి 10.6కి వచ్చింది. పెరిగింది రెండు మార్కుల లోపే! మొదలే చిన్న అంకె కాబట్టి, ఒక్కొక్కరి పెరుగుదలనూ శాతంగా కట్టి సగటు తీస్తే అంత పెద్దగా కనబడింది. అన్ని మార్కులే వచ్చే మనిషికి స్నానానికీ తిండికీ పక్కన ఒకరుండాలి. రెండు మార్కులు పెరిగినా ఉండాల్సిందే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీ వాక్యం చదివి గుంటూరు కొత్తపేటలో ప్రొబయోటిక్ క్యాప్సూళ్లు కొని, నాన్నకిచ్చే మతిమరుపు మందు డోనెపెజిల్ మాత్ర ఆపేసే కొడుకు ఉంటాడు. వాడి కోసం ‘డాక్టర్నడక్కుండా మాత్ర మానొద్దు’ అన్న ముక్క పైనే ఉండాలి, చివర్లో కాదు.

ఎలుకల సంగతి ఎలుకలదని రాయి. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల మెదడులో అమిలాయిడ్, అంటే అల్జీమర్స్‌లో పేరుకునే ప్రొటీన్, తక్కువగా పేరుకుంది. రోగుల పేగు సూక్ష్మజీవుల్ని ఎక్కించిన ఎలుకల జ్ఞాపకశక్తి దెబ్బతింది. గట్టి ఆధారాలే. కానీ మనుషుల దగ్గర చిక్కుంది: మతిమరుపు ముదిరితే తిండి తగ్గుతుంది, మలబద్ధకం వస్తుంది, మందులు పెరుగుతాయి. ఇవన్నీ పేగుల్ని మార్చేవే. ఏది ముందో, ఏది వెనకో తేల్చకుండా ‘కారణం’ అనొద్దు.

అల్జీమర్స్‌కి చైనా 2019లో షరతులతో ఆమోదించిన సముద్రపు నాచు మందు గురించి రాశావు. పేగుల మీదుగా పనిచేస్తుందన్న ఆ మందు అంతర్జాతీయ పరీక్ష 2022లో మధ్యలోనే ఆగింది, అదీ చేర్చు. మల మార్పిడికి, అంటే ఆరోగ్యవంతుడి మలంలోని సూక్ష్మజీవుల్ని రోగి పేగుల్లోకి ఎక్కించడానికి, అమెరికా ఇచ్చిన అనుమతి పదేపదే తిరగబెట్టే సి.డిఫిసిల్ అనే పేగు ఇన్ఫెక్షన్‌కే. దాత మలంలోని, మందులకు లొంగని ఈ.కోలై బ్యాక్టీరియా సోకి ఒక రోగి చనిపోయినట్టు 2019లో అక్కడి ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరించింది.

‘మరి మన పెరుగు సంగతి?’ అని తప్పకుండా అడుగుతారు. రోజూ తినొచ్చు, మంచిదే. అయితే ఆ పాలల్లో వేసినవి ఎంచుకుని, లెక్కపెట్టి వేసిన రకాలు. మన తోడులో ఏవి, ఎన్ని ఉంటాయన్నది ఇంటింటికీ మారుతుంది. క్యాప్సూళ్లలోవీ ప్రాణమున్నవే. ఫ్రిజ్‌లో పెట్టమన్న రకాన్ని మే నెల బెజవాడ ఎండలో బయట ఉంచితే, లేబుల్ మీద రాసినన్ని బతికుండవు.

మొదటి పేరా తిరగరాసి మంగళవారానికల్లా పంపు, చూస్తాను.