ఒంగోలు బాస్కెట్‌బాల్ కుర్రాడు, పాయింట్ గార్డ్, 5 అడుగుల 8 అంగుళాలు: ఆట తర్వాత కోచింగ్‌లో దారి ఉందా?

మీ తమ్ముడు ఇంటర్ చదువుతూ ప్రకాశం జిల్లా బాస్కెట్‌బాల్ జట్టుకు పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి తీసుకెళ్లి ఆట నడిపించేవాడిగా, ఆడుతున్నాడన్నారు. ఈ ఎత్తుతో ఎంతవరకు వెళ్లగలడు, ఆట అయిపోయాక కోచ్‌గా బతకగలడా అని కదా మీ ప్రశ్న. నాది నెల్లూరు. నేనూ గార్డ్‌గానే ఆడాను. చెన్నైలో ఒక డిపార్ట్‌మెంట్ జట్టులో కొన్నేళ్లు ఉండి, ఇప్పుడు ఇక్కడ పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను.

ముందు ఎత్తు సంగతి తేల్చేద్దాం. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మగ్సీ బోగ్స్ 5 అడుగుల 3 అంగుళాల మనిషి, 14 సీజన్లు ఆడాడు. అలాగని ఆయన పేరు చెప్పి మీ తమ్ముణ్ణి ఉబ్బేయడం నాకిష్టం లేదు. మన జాతీయ జట్టుకు కెప్టెన్‌గా చేసిన విశేష్ భృగువంశీ కూడా గార్డే, ఆయన ఆరడుగులు దాటిన మనిషి. నన్నడిగితే ఇండియా జెర్సీ ఆశ పక్కనపెట్టి యూనివర్సిటీ జట్టు, ఆ తర్వాత రైల్వే, బ్యాంకు లాంటి డిపార్ట్‌మెంట్ జట్టు మీద గురిపెట్టమంటాను. అక్కడ పొట్టి గార్డుకు చోటుంది. కాకపోతే అవతలివాళ్లు ఫుల్ కోర్ట్ ప్రెస్ వేసినా, అంటే కోర్టంతా వెంటపడి అడ్డుకున్నా, బంతి పోకూడదు. 8 సెకన్లలో సగం కోర్టు దాటించాలి, 24 సెకన్లలో షాట్ పడాలి. ఇద్దరు మీదికొచ్చినా తలెత్తి ఆడేవాణ్ణి ఎత్తెంత అని ఎవరూ అడగరు.

మనకున్న పెద్ద వీలు చెన్నై. పొద్దున ఒంగోల్లో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు. ఇండియన్ బ్యాంక్, ఐఓబీ (ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్), ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ), సదరన్ రైల్వే, ఈ జట్లన్నీ అక్కడివే. వాళ్ల మ్యాచ్ ఒకటి దగ్గరుండి చూపించండి. మన పిల్లలు బంతి చేతికందాక ఆలోచించడం మొదలుపెడతారు, అక్కడి గార్డులు అందేలోపే ఎవరికివ్వాలో చూసుకుని ఉంటారు.

ఇక కోచింగ్. నేను చెప్పేది కొంచెం విడ్డూరంగా అనిపించొచ్చు గానీ, బెంచి మీద ఎక్కువ కూర్చున్న గార్డులే మంచి కోచ్‌లవుతారని నా నమ్మకం.

ఎన్‌బీఏ గార్డు స్టీవ్ కెర్‌నే తీసుకోండి. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1988లో, 50వ వాడిగా ఎంపికయ్యాడు. ఆడిన 910 మ్యాచ్‌లలో మొదటి అయిదుగురిలో దిగింది 30 మాత్రమే. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చివర్లో జోర్డాన్ పాస్ ఇస్తే గెలిపించే షాట్ వేసింది ఈయనే. ఆటగాడిగా 5 టైటిళ్లు. 2014లో గోల్డెన్ స్టేట్ జట్టుకు కోచ్ అయ్యాక ఇంకో నాలుగు. ఇంకో గార్డు టైరన్ లూది మరీ చిత్రం. 2001 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో అవతలి జట్టు స్టార్ ఐవర్సన్ షాట్ వేసి, కిందపడ్డ లూ మీదుగా అడుగేసి నడిచాడు. చాలామందికి లూ అంటే ఇప్పటికీ ఆ ఒక్క ఫొటోనే. ఆ లూనే 2016 జనవరిలో, సీజన్ మధ్యలో, క్లీవ్‌లాండ్ కోచ్‌గా పగ్గాలు తీసుకున్నాడు. ఏడు మ్యాచ్‌ల ఫైనల్స్‌లో 3-1తో వెనకబడి కూడా టైటిల్ గెలిపించాడు. అవతల ఉన్నది ఎవరనుకున్నారు? కెర్ జట్టే.

స్టార్లు కోచ్‌లు కాలేరని కాదు. జేసన్ కిడ్ 2011లో డల్లాస్‌కు ఆడి టైటిల్ గెలిచాడు, 2024లో అదే జట్టును కోచ్‌గా ఫైనల్స్‌కు తెచ్చాడు. కానీ 2005లో, 2006లో వరుసగా ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) అయిన స్టీవ్ నాష్, 2020లో బ్రూక్లిన్ కోచ్‌గా వచ్చి 2022 నవంబరులో బయటికి వెళ్లిపోయాడు. ఆటలో అంత తెలివి ఉన్నవాడికే అలా అయితే, ఆడిన పేరొక్కటే చూసి కోచ్ ఉద్యోగం ఇచ్చేవాళ్లను ఏమనాలి?

బెంచి గురించి అంత ధీమాగా చెప్పడానికి నా అనుభవమే కారణం. మా జట్టులో నాకంటే ముందు ఒక సీనియర్ గార్డు ఉండేవాడు. ఆయన ఫౌళ్లలో ఇరుక్కుంటేనో, మ్యాచ్ ఎటూ చేజారాకనో నన్ను దింపేవాళ్లు. మిగతా టైమంతా మా కోచ్ నా చేతిలో అట్ట, పేపరు, పెన్ను పెట్టి కూర్చోబెట్టేవారు. అవతలి గార్డు స్క్రీన్ (తన జట్టువాడు అడ్డంగా నిలబడి ఇచ్చే చాటు) దాటాక ఎటు తిరుగుతున్నాడో గీత గీయాలి, షాట్ వేస్తే గుండ్రం, పాస్ ఇస్తే అడ్డగీత. మొదట్లో ఒళ్లు మండేది, నేనేమన్నా గుమాస్తానా అని. ఒక మ్యాచ్‌లో హాఫ్ టైముకి ఆ పేపరు చూస్తే గుండ్రాలన్నీ ఎడమవైపే, కుడివైపు అన్నీ అడ్డగీతలే. మనిషి చూస్తే కుడిచేతి వాటం! కోచ్ ఒక్క మాటా అడక్కుండా పేపరు తీసుకున్నారు. సెకండాఫ్‌లో మావాళ్లు అతన్ని కుడివైపుకే నెట్టారు, అతను షాట్ల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. కోర్టులో అతనికి ఎదురుగా నిలబడ్డ రోజుల్లో ఈ సంగతి నా కంటపడనే లేదు. ఆడేవాడికి తన మీదికొచ్చే మనిషే కనపడతాడు మరి.

అందుకని మీ తమ్ముణ్ణి ఇప్పట్నుంచే మొదలుపెట్టమనండి. తను ఆడని మ్యాచ్‌లకు పేపరు పట్టుకుని కూర్చోవాలి. వీధిలో చిన్నపిల్లలుంటే సాయంత్రం వాళ్లకు డ్రిబ్లింగ్ నేర్పించాలి. నేర్పితే తెలుస్తుంది, తనకు చేతికి వచ్చింది నోటికి రాదని. నేను పిల్లలు డ్రిబుల్ చేస్తుంటే ఎదురుగా నిలబడి వేళ్లు చూపిస్తాను, ఎన్ని వేళ్లో అరిచి చెప్పాలి. తల దించినవాడు తప్పు చెప్పి దొరికిపోతాడు. మన సిమెంటు కోర్టుల మీద ఇసుక ఉంటుంది కదా, ఆపి తిరిగేముందు బూటు అడుగు అరచేత్తో తుడుచుకోవడం కూడా మొదటి రోజే నేర్పాలి. చీలమండ తిరిగిందంటే ఆ సీజన్ పోయినట్టే.

కాగితాల సంగతికొస్తే, డిగ్రీ మాత్రం వదలొద్దు. డిగ్రీ ఉంటేనే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా. అంత టైము లేకపోతే 6 వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది గానీ, దాంతో పెద్ద ఉద్యోగాలు రావు. ఇంకో దారి పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి వ్యాయామ విద్యలో బీపీఈడీ డిగ్రీ చేయడం, ఆ తర్వాత డీఎస్సీలో పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) పోస్టు. రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా కూడా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఆడిన ప్రతి టోర్నీ సర్టిఫికెట్ జాగ్రత్తగా దాచమనండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, వెరిఫికేషన్‌లో తలనొప్పి.

డిప్లొమా చేతికొచ్చాక మొదట దొరికేది చాలావరకు ప్రైవేటు స్కూలు ఉద్యోగమే. నేను చేరిన చోట ఏప్రిల్ జీతమిచ్చి మళ్లీ జూన్ చివర్లో పలకరించారు. మే నెలలో సమ్మర్ క్యాంపు పెట్టుకుని నెట్టుకొచ్చాను. జీతం 10 నెలలకా 12 నెలలకా అన్నది చేరేముందే అడిగి, కాగితం మీద రాయించుకోమనండి.